జపమాలతో కొలిచిన దారి

నెల్లూరుకు తిరిగొచ్చి వారం దాటింది. ఇప్పటికీ మా కుట్టు షాపుకొచ్చే ఆడవాళ్ళు కొలతలివ్వకముందు నా కాళ్ళే చూస్తున్నారు. వేళ్ళ నుంచి చీలమండల దాకా గోధుమరంగు పట్టేసి ఉంది. "ఏమ్మే, గోరింటాకు సాక్సు లాగా ఏసుకున్నావా?" అని ఒకావిడ అడిగింది. గోరింటాకు కాదు, రొయ్యల గుంటల మందు అంటే ఎవరూ నమ్మడం లేదు. మాత గుడికి నడిచిపోయి వచ్చానంటే అస్సలు నమ్మడం లేదు, ఎందుకంటే మేం బాప్టిస్టులం. ఒక్కొక్కరికీ చెప్పి చెప్పి నోరు నొప్పి పుట్టింది. అందుకే రాస్తున్నా. నేను చదివింది పదో తరగతి వరకే. తప్పులుంటే సర్దుకోండి. జాకెట్టయితే విప్పి మళ్ళీ కుట్టిచ్చేదాన్ని.

సూది పెట్టిన చెయ్యి

దీనంతటికీ కారణం ఆరోగ్యమ్మక్క. మా వీధి చివర ఉంటుంది. బళ్ళో పిల్లలకు మధ్యాహ్నం భోజనం వండుతుంది. వాళ్ళు కతోలికులు. మనం ఒక మాట అనేలోపు తను నాలుగు మాటలు అనేస్తుంది. జనవరిలో ఒకరోజు నీలం పట్టుచీర పట్టుకొచ్చింది, పిల్లల చీరంత ఉంది.

"సలోమీ, ఇది మాత చీర. కుచ్చిళ్ళు కుట్టేసి, భుజం కాడ హుక్కు పెట్టియ్యాల."

"అక్కా, మా చర్చిలో విగ్రహాలుండవు. నేను కుట్టొచ్చో లేదో."

"నీ చర్చిలో లేకపోతే ఏమి, నా చేతిలో ఉండాది గదా చీర. కుట్టు."

కుట్టాను. మూడడుగుల మనిషికి కుచ్చిళ్ళు కుదరడం ఎంత కష్టమో కుట్టేవాళ్ళకే తెలుస్తుంది. చీర తీసుకోడానికి వచ్చిన రోజు ఆరోగ్యమ్మక్క దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, ముద్దు పెట్టుకొని, మళ్ళీ నా చేతిలోనే పెట్టింది.

"ఇంక సంచి సర్దుకో. మాత చీరకి సూది ఎవురు పెడతారో వాళ్ళే నడిచి మోసకపోవాల. పాత కట్టడి."

"ముందే చెప్పొచ్చు గదక్కా!"

"ముందే చెప్తే కుడతావా?"

మా అమ్మ అన్నం తింటూ అంతా వింది. నేను వద్దంటుందేమో అనుకున్నా. చెయ్యి కడుక్కొని వచ్చి, "యేసయ్యకి అమ్మంటే నాకూ పెద్దదే. పో. చీరిచ్చి రా. దండం మాత్రం పెట్టబాక," అంది. నేను నెల్లూరు దాటి సముద్రం వైపు మైపాడు తప్ప ఎక్కడికీ పోలేదు. అది కూడా బళ్ళో ఉన్నప్పుడు. అందుకని ఒప్పేసుకున్నా. నిజం చెప్పాలంటే మాత కోసం కాదు, ఊరు చూద్దామని.

బోగోలు

ఫిబ్రవరిలో తిరునాళ్ళు. బోగోలు దగ్గర ఒక చిన్న గుడి నుంచి మొదలుపెట్టి, కాలువ గట్టు పట్టుకొని దక్షిణంగా నడిచి, విడవలూరు వైపు సవకతోపులో, అంటే సరుగుడు తోపులో ఉన్న మాత దగ్గరికి చేరాలి. కాలువంటే బకింగ్‌హాం కాలువ. సముద్రానికీ ఊళ్ళకీ మధ్య ఉప్పునీళ్ళతో తాడులాగా పోతూ ఉంటుంది. మా వాళ్ళు గుడి అనరు, చర్చి అంటారు. వీళ్ళు గుడి అంటారు. లోపల ఆడవాళ్ళు కొంగు కప్పుకొని నేలమీదే కూర్చున్నారు. మాకు బెంచీలు. ఇది బాగుంది అనిపించింది, కాళ్ళు చాపుకోవచ్చు.

ముప్పై మంది దాకా ఉన్నాం, ఎక్కువమంది ఆడవాళ్ళే. ఫాదర్ కుర్రాయన, ఈ మధ్యే ఆ గుడికి వచ్చారంట. ఆయన లేచి అసలు సంగతి చెప్పారు. ఒకప్పుడు ఈ చుట్టుపక్కల వాళ్ళంతా ఈ గట్టు మీదే నడిచి మాత దగ్గరికి పోయేవారట. బస్సు రోడ్డు పడ్డాక మానేశారు. ఇప్పుడా దారి తెలిసిన మనిషి ఒక్కరే మిగిలారు.

"ఈ ఏడు నడిచి చూద్దాం," అన్నారు ఫాదర్. "దారి దొరికితే ప్రతి ఏడూ నడుద్దాం. దొరక్కపోతే వచ్చే ఏడు నుంచి బస్సులే. ముళ్ళల్లో మిమ్మల్నందర్నీ తిప్పి, ఎవరికన్నా ఏమన్నా అయితే నేను జవాబు చెప్పుకోలేను. బస్సుల వాళ్ళతో మాట్లాడే పెట్టుకున్నా."

ముందు వరసలో కూర్చున్న ఒక ముసలామె గట్టిగా అంది. "బస్సులో పొయ్యేదానికైతే మాత దగ్గరికే ఎందుకు నాయనా, కావలికి సినిమాకి పోవచ్చు."

అందరూ నవ్వారు. ఆ మిగిలిన ఒక్క మనిషి ఆమే. పేరు అంతోనమ్మ. అందరికీ అవ్వ. ఎనభైకి దగ్గర్లో ఉంటుంది, ఎముకల మీద చీర చుట్టినట్టు ఉంటుంది. చిన్నప్పుడు వాళ్ళమ్మ చెయ్యి పట్టుకొని నడిచిందట ఈ దారి. ఇప్పుడు తను ఎవరి చేతిలోనన్నా పెట్టిపోవాలి. ఆ రోజు నేను దాన్ని అంత పట్టించుకోలేదు. నాకు ఆకలిగా ఉంది. కారందోశ పెట్టారు, ఎర్రకారం మా నెల్లూరు హోటలు కంటే ఘాటు. ముక్కు కారిపోయింది.

బయల్దేరేముందు అవ్వ కట్టడులు చెప్పింది. చెప్పులు వద్దు. ఎవరు ఏం పెడితే అది తినాలి. ముఖం కడుక్కోవచ్చు, చేతులు కడుక్కోవచ్చు. కాళ్ళు మాత్రం కడగకూడదు. "దారి దుమ్ము మాత కాడే కడగాల. మజ్జెలో కడిగితే నడిచిందంతా నీళ్ళపాలు." ఇది గుర్తుపెట్టుకోండి. తర్వాత దీనితోనే వచ్చింది తంటా.

జువ్వలదిన్నె

మొదటిరోజు మధ్యాహ్నానికి జువ్వలదిన్నె దగ్గర పట్టపోళ్ళ పల్లెకు చేరాం. పట్టపోళ్ళంటే చేపలు పట్టేవాళ్ళు. వలల మీద చేపలు ఎండబోసి ఉన్నాయి, పాడె కట్టినట్టు పొడుగ్గా కర్రల పందిళ్ళు. ఒకామె నెత్తళ్ళు తిరగేస్తూ మా కాళ్ళు చూసింది.

"ఏమ్మా, మీ దేముడు చెప్పులేసుకోవద్దన్నాడా?"

"మొక్కక్కా," అంది ఆరోగ్యమ్మక్క.

"మా గంగమ్మ కాడికి మేమూ చెప్పుల్లేకుండానే పోతాం. కాకపోతే మా గంగమ్మ ఈడే ఉంటది, నాలుగడుగులు. మీ అమ్మ శానా దూరం పెట్టుకునింది గదా ఇల్లు!"

ఆమే మమ్మల్ని తన ఇంటి ముందు కూర్చోబెట్టి అన్నం పెట్టింది. చేపల పులుసులో పచ్చి మామిడికాయ ముక్కలు. నేను ఊరుకోకుండా, "మా అమ్మయితే మెంతిపిండి వేస్తుంది," అన్నాను.

"మీ ఊరికి చేప ఎప్పుడొస్తది?"

"పొద్దున పట్టింది సాయంత్రానికి."

"అందుకే మెంతిపిండి. వాసన దాచేదానికి. ఈడ దాచేదానికి ఏముంది, ఇంకా ఎగరతా ఉండాది చేప."

మా అమ్మకు ఈ మాట చెప్పలేదు, చెప్పను కూడా. అక్కడ్నించి బయల్దేరేటప్పుడు ఎండు నెత్తళ్ళు కొన్నా. మా స్టోన్‌హౌస్ పేట అంగట్లో చెప్పే రేటుకి ఇక్కడ సగం. సంచి నిండా వేసుకున్నా. వేసుకున్నాక గుర్తొచ్చింది, అదే సంచిలో మాత చీర ఉంది.

ఆరోగ్యమ్మక్క ముక్కు దగ్గర పెట్టుకొని చూసి తల కొట్టుకుంది. "పట్టుచీరలో నెత్తళ్ళు! బాప్టిస్టుల్ని నమ్మకూడదని మా అత్త ఊరికే అనలా."

చివరికి నెత్తళ్ళ కవరు ఫాదర్ గారి బ్యాగుకి కట్టాం. ఆయనకి చెప్పకుండానే. సాయంత్రం దాకా రెండు కుక్కలు ఆయన వెనకే నడిచాయి. కుక్కలకి కూడా భక్తి అనుకున్నారు పాపం.

ఉప్పు కొఠారు

రెండోరోజు కాలువ గట్టు. ఒకపక్క ఉప్పునీళ్ళు, ఒకపక్క దూరంగా పండుతున్న వరి కయ్యలు, మధ్యలో సర్కారు తుమ్మ. నా కాళ్ళు అప్పటికే బొబ్బలు. నాకు జపమాల చెప్పడం రాదు కాబట్టి నాకో పని ఇచ్చారు, వెనకాల అవ్వ చెయ్యి పట్టుకొని నడవడం. ముందు ఆరోగ్యమ్మక్క జపమాల చెప్పిస్తూ పోతుంది, అందరూ తన వెనక.

జపమాల తెలియనివాళ్ళకి చెప్తా, నాకూ అప్పుడే తెలిసింది. పూసల దండ. ఒక్కో పూసకి ఒక్కో మంగళవార్త జపం, మరియమ్మకు వందనం చెప్పే చిన్న ప్రార్థన. పది పూసలకొకసారి పరలోక జపం. అలాంటి పదులు ఐదు అయితే ఒక జపమాల.

ఇస్కపల్లి దాటాక ఉప్పు మళ్ళు వచ్చాయి. తెల్లగా కళ్ళు పగిలిపోయేట్టు ఉన్నాయి. అక్కడ ఒక పాత ఉప్పు కొఠారు, అంటే ఉప్పు దాచే గోడౌను, కప్పు పడిపోయి గోడలు మిగిలాయి. అవ్వ దాన్ని చూసి ఆగిపోయింది. గోడని చేత్తో తట్టింది, గేదెని తట్టినట్టు.

"ఈడ్నించే లెక్క. ఈడ్నించి మూడు జపమాలలు. మూడోది ముగిసేకాడ పాత రేవు, రాతిమెట్లు. ఆడ కాలువ దాటితే అవతల సవకతోపు. తోపులో మాత."

"కిలోమీటర్లలో ఎంతవ్వా?" అన్నారు ఫాదర్, ఫోను తీసి.

"ఆ లెక్క నాకు తెలవదు నాయనా. మూడు జపమాలలు."

ఫోన్లో చూస్తే కాలువ, దాని పక్కన నీలంగా చదరాలు చదరాలుగా రొయ్యల గుంటలు. రేవు లేదు, మెట్లు లేవు. ఫాదర్ ఫోను జేబులో పెట్టేసి, "సరే, మూడు జపమాలలు," అన్నారు.

ముందువాళ్ళు మొదలుపెట్టారు. మేం వెనకపడ్డాం. అవ్వ తన జపం తనే చెప్పుకుంటోంది, చెప్పడం కాదు పాడడం. 'దేవవరప్రసాదముచేత' అని లాగి, ఒక అడుగు, 'నిండిన మరియమ్మా' అని లాగి, ఇంకో అడుగు. పడవ తెడ్డు వేసినట్టు ఉంది. మా మిషను తొక్కేటప్పుడు కాలికి ఒక వరస కుదురుతుంది చూడండి, అలా నా కాళ్ళు కూడా దాంట్లో పడిపోయాయి. బొబ్బలు కూడా మర్చిపోయా.

అలా ఎంతసేపు నడిచామో. ఉన్నట్టుండి అవ్వ ఆగింది.

"ఏంది వాళ్ళు? అట్ట దిగతా ఉండారు?"

దూరంగా గట్టుకి అడ్డంగా నీలం వల కట్టి ఉంది. మావాళ్ళంతా దాని పక్కనుంచి కిందికి దిగిపోతున్నారు.

"రేవు వచ్చిందేమో అవ్వా."

"యాడొస్తది? నాకింకా రెండోదే అవలా."

అరిచాం. గాలికి వినపడలేదు.

రొయ్యల గుంటలు

మేం దిగి పోయేసరికి మావాళ్ళు గుంటల మధ్య గట్ల మీద చిక్కుకొని ఉన్నారు. ఎటు చూసినా చదరం గుంటలు, నీళ్ళు చిమ్మే ఫ్యాన్లు. దారి ఎటో తెలియదు. నేను చీర సంచి తలమీద పెట్టుకొని ఒక గట్టు మీంచి ఇంకో గట్టుకి దూకబోయి మోకాళ్ళ దాకా బురదలో దిగిపోయా. సంచి మాత్రం కింద పడనివ్వలేదు.

అప్పుడొచ్చాడు ఒకాయన, లుంగీ పైకి కట్టి, పరిగెత్తుకుంటూ.

"ఆగండి! యాడోళ్ళు ఆడనే ఆగండి! కదలబాకండి!"

ఆయన పేరు మాలకొండయ్య. గుంటలు ఆయనవే. పైనూళ్ళో వరి కయ్యలు కౌలుకిచ్చి, భార్య పెంచలమ్మతో ఇక్కడే షెడ్డులో కాపురం ఉంటున్నాడు. ఫాదర్ తప్పు మాదేనని చెప్తూనే ఉన్నారు, ఆయన వినడం లేదు.

"సామీ, మీరు పూజలు చేసుకోండి, నేనొద్దన్లా. రొయ్యపిల్ల ఏసి నెల గూడా కాలా. ఎవురెవురి గుంటలు తొక్కి వచ్చినారో ఈ కాళ్ళతో! రోగం గాల్లో రాదు, కాళ్ళకంటుకొని వస్తది. పోయిన పంట అంతే. పొద్దున చూస్తే తెల్లమచ్చ, గుంటంతా తేలిపోయినాయి. మళ్ళా అట్టయితే నేను, నా పెండ్లాం కాలవలో దూకాల."

ఆయన మాటలో తప్పు లేదు. ఫాదర్ మెల్లగా, "రోడ్డు ఎటు?" అన్నారు. ఆయన చెయ్యి చూపించాడు. "ఆ తూము దాటితే రోడ్డు. ఆటోలు వస్తాయి."

ఫాదర్ మా వైపు తిరిగారు. ఆయన ఏం అనబోతున్నారో అందరికీ తెలిసిపోయింది.

అంతలో అవ్వ ఆరోగ్యమ్మక్క ముందుకు పోయి నిలబడింది. "ఎన్ని జపమాలలు చెప్పినారు?"

"మూడు అయిపోయినాయవ్వా. లెక్క పెట్టుకున్నా."

"నేను రెండు గూడా ముగించలా."

ఆరోగ్యమ్మక్క నోరు తెరిచి మళ్ళీ మూసింది. తన జన్మలో మొదటిసారి అనుకుంటా.

"నువ్వు జపం చెప్తా ఉండావా, బళ్ళో పిలకాయలకి గంట కొట్టినాక అన్నం వడ్డిస్తా ఉండావా?" అంది అవ్వ. "మరియమ్మని వందనం అనే లోపలే సాగనంపేస్తివి! మా అమ్మోళ్ళు పాడేది ఇట్టనా? దారిని కొలిచేది పాటతోనే. పాటని కురచ చేస్తే దారి కురచ అవద్దా?"

అప్పుడు అర్థమైంది మాకు. దారి తప్పలేదు. జపమాల తొందరగా అయిపోయింది. అంతే.

"అట్టయితే రేవు ఇంకా ముందుండాది," అంది అవ్వ, వల వైపు చూస్తూ. "అబ్బయ్యా, ఆ వల అవతల, గట్టు చివర రాతిమెట్లున్నాయా?"

"ముళ్ళుండాయి. పదేండ్లుగా ఉండాయి ముళ్ళు. ఇంకేం లేవు."

"ఒక్కసారి నడవనియ్యి. రేపు పొద్దున. ఉప్పు కొఠారు కాడ్నించి మళ్ళా మొదలుపెట్టుకొని వస్తాం. ఒక వరసలో పోతాం. నీ నీళ్ళల్లో ఏలు గూడా పెట్టం."

మళ్ళీ ఉప్పు కొఠారు దాకా వెనక్కి నడవాలా అని నా బొబ్బలన్నీ ఒక్కసారిగా ఏడ్చాయి.

పింక్ నీళ్ళు

మాలకొండయ్య చాలాసేపు ఆలోచించాడు. అవ్వని చూసే ఆలోచించాడనుకుంటా, మమ్మల్ని చూసి కాదు. చివరికి షెడ్డు ముందున్న తొట్టి చూపించాడు. పింక్ రంగు నీళ్ళు, పర్మాంగనేటు.

"కాళ్ళు దీంట్లో పెట్టి వస్తే పొండి. మా కూలోళ్ళకీ ఇదే, నాకూ ఇదే. మా మామ వచ్చినా ఇదే."

మేమంతా అమ్మయ్య అనుకున్నాం. అవ్వ మాత్రం తల అడ్డంగా ఊపింది.

"మాత కాడికి పొయ్యేలోపల కాళ్ళు కడగకూడదు."

"అవ్వా," అన్నారు ఫాదర్, "కాళ్ళు కడిగితే దోషం ఏమీ లేదు. నేను చెప్తున్నాను గదా."

"నువ్వు నిన్నొచ్చినావు ఫాదరూ. మా అమ్మ చెప్పింది."

మాలకొండయ్య చేతులు కట్టుకున్నాడు. "కాళ్ళు ముంచకపోతే నా గట్టు ఎక్కేది లేదు."

అవ్వ అక్కడే నేలమీద కూర్చుండిపోయింది. ఆయనకి రొయ్యలు, ఈమెకి వాళ్ళమ్మ మాట. ఇద్దర్లో ఎవరు తగ్గినా ఒకళ్ళకి పోతుంది. ఇంక రోడ్డే అనుకున్నా. మనసులో ఎందుకో చాలా బాధేసింది. నాది కాని మాత, నాది కాని దారి. అయినా బాధేసింది.

అప్పటిదాకా పెంచలమ్మ షెడ్డు గుమ్మంలో నిలబడి వింటోంది. పొయ్యి మీద ఏదో పెట్టి వచ్చిందేమో, చేతిలో గరిటె అలాగే ఉంది. వచ్చి అవ్వ ముందు కూర్చొని, చీర కొంచెం పైకి లాగి తన కాళ్ళు చూపించింది. నా కాళ్ళిప్పుడు ఎలా ఉన్నాయో అలా ఉన్నాయి, ఇంకా ముదురు.

"చూడవ్వా. ఇవి కడిగిన కాళ్ళ మాదిరి ఉండాయా?"

అవ్వ వంగి చూసింది. వేలితో రుద్ది చూసింది. "ఇది పోదా?"

"సున్నిపిండి పెట్టి రుద్దు, పోదు. కడిగితే దుమ్ము పోవాల. దీంట్లో పెడితే పొయ్యేదేం లేదు, ఇంకొంచెం అంటుకుంటది. కడిగేది ఏరు, ముంచేది ఏరు. రుద్దబాక, తుడవబాక. ఊరికే పెట్టి తియ్యి."

నాకు నవ్వు ఆగలేదు. మా చర్చిలో ముంచడమంటే బాప్తిస్మం, దాని కోసం నెలల తరబడి పాఠాలు చెప్తారు. ఇక్కడ రొయ్యల తొట్టి దగ్గర అదే వాదన. అవ్వ నా వైపు గుర్రుగా చూసింది. తర్వాత మళ్ళీ పెంచలమ్మ కాళ్ళు చూసింది.

"దుమ్ము మీద ఇంకో పొర," అంది చివరికి. "అట్టయితే సరే."

"కూర్చోండి, రొయ్యల కూర ఉండాది," అంది పెంచలమ్మ లేస్తూ. "పొద్దున పక్క గుంట వాళ్ళు పట్టినారులే, మావి కాదు."

అంత చిన్న రొయ్యలు మా ఊళ్ళో ఎవరూ కొనరు, ఎగుమతికి పనికిరాని ఏరిపారేసినవి. చింతచిగురుతో వండింది. మూడుసార్లు వడ్డించుకున్నా.

మూడో జపమాల

మర్నాడు తెల్లవారగానే మళ్ళీ ఉప్పు కొఠారు గోడ, రాత్రే వెనక్కి నడిచి అక్కడ పడుకున్నాం. ఈసారి అవ్వ ముందు, ఆరోగ్యమ్మక్క చిట్టచివర. "నోరు మూసుకొని నడవడం నాకు ఇంత కష్టమని తెలవదే," అని గొణుగుతూనే ఉంది.

అవ్వ పాడుతూ పోయింది. మొదటి జపమాల బాగానే సాగింది. రెండో దాని మధ్యలో గొంతు బొంగురుపోయింది. మూడు పూసలు పోయాక గాలి తప్ప మాట రావడం లేదు. ఆగింది. దగ్గింది. నీళ్ళు తాగింది. రాలేదు.

ఫాదర్ అందుకున్నారు, ఆయనది పూజలో చదివే వరస. అవ్వ చెయ్యి ఊపేసింది. ఆరోగ్యమ్మక్కని పిలిస్తే, పాపం నెమ్మదిగానే మొదలుపెట్టింది, నాలుగో పూసకే పరుగెత్తింది. అవ్వ చెయ్యి ఇంకా గట్టిగా ఊపింది. తర్వాత నా చెయ్యి పట్టుకొని గిల్లింది.

"నాకు రాదవ్వా. మావాళ్ళు..."

ఆమె మాట్లాడలేకపోతోంది. నా కాళ్ళ వైపు వేలు చూపించింది. కాళ్ళకు వచ్చు గదా అన్నట్టు.

మా అమ్మ దండం పెట్టబాక అంది. పాడబాక అనలేదు. మొదలుపెట్టా. రెండురోజులు చెవి పక్కన విన్నది, మాటకి మాట వచ్చేసింది. లాగి ఒక అడుగు, లాగి ఇంకో అడుగు. అవ్వ నా పక్కన పూసలు తిప్పుతోంది. ముప్పైమంది నా వెనకే పాడుతున్నారు. మా చర్చిలో నేను ఎప్పుడూ వెనక బెంచీనే.

రెండోది ముగిసేసరికి నీలం వల. పెంచలమ్మ తొట్టి పెట్టుకొని నిలబడి ఉంది. ఒక్కొక్కరం కాళ్ళు పెట్టి తీశాం, ఎవరూ రుద్దలేదు. ఫాదర్ ప్యాంటు పైకి మడిచి ఆయన కూడా పెట్టారు. మాలకొండయ్య ఒక కొక్కెం తీసి వల పక్కకి లాగాడు. మేం లోపలికి పోయాక ఆయన కొడవలి పట్టుకొని మా వెనకే వచ్చాడు, కాపలాకో, చూద్దామనో.

మూడో జపమాల ఆ గట్టు మీద. చివరి పది వచ్చింది. తొమ్మిది. పది. ఆగాం.

ముళ్ళు. సర్కారు తుమ్మ మనిషెత్తు అల్లుకుపోయి ఉంది. మెట్లు లేవు, రేవు లేదు. ఫాదర్ నేలకేసి చూస్తున్నారు. అవ్వ కళ్ళు మూసుకొని, పూసలు వదలకుండా, ఇంకో అడుగు వేసింది. నన్ను గిల్లింది. నేను ఇంకో పూస పాడాను. ఇంకో అడుగు. ఇంకో పూస. మాలకొండయ్య, "ఆగవ్వా, గుచ్చుకుంటాయి," అని ముందుకొచ్చి కొడవలితో కొట్టడం మొదలుపెట్టాడు. నాలుగో పూసకి కొడవలి రాయికి తగిలి ఠంగుమంది.

ఆయన వంగి మట్టి గీకాడు. నల్లరాయి, మెట్టు. దాని కింద ఇంకోటి, కాలువలోకి దిగుతూ. మాలకొండయ్య అక్కడే కూర్చున్నాడు. "పదేండ్లు ఈడ తిరుగుతా ఉండా," అన్నాడు. "నాకు తెలవదే."

అవ్వ మొదటి మెట్టు మీద కాలు పెట్టింది. ఏడవలేదు. పోయిన గొంతుతో నా చెవిలో గుసగుసగా అంది. "నాలుగు పూసలు తక్కువ. నువ్వు గూడా కొంచెం తొందరే."

సవకతోపు

నీళ్ళు మోకాళ్ళ దాకానే ఉన్నాయి. అవతల సవక చెట్ల కింద చల్లగా ఇసుక, దూరంగా సముద్రం చప్పుడు, తిరునాళ్ళ రంగుల పందిళ్ళు. బుడగలు, గాజులు, ఇరవై రూపాయలకి చెరుకురసం. కాలువ నీళ్ళు కాళ్ళు కడిగినట్టు కాదా అని నేనడిగితే, అవ్వ గుసగుసగానే "అది దారి," అంది. వాళ్ళ కట్టడులు వాళ్ళకే తెలియాలి.

మాత నేననుకున్నంత పెద్దది కాదు. ఎలా వచ్చిందో తలా ఒక కథ చెప్పారు, ఏ రెండూ కలవలేదు. చీర నేనే కట్టాను. కుచ్చిళ్ళు ఒక్క పిన్ను లేకుండా కుదిరాయి. ఆరోగ్యమ్మక్క ముక్కు ఎగబీల్చి, "ఇంకా నెత్తళ్ళ కంపే," అంది.

"సముద్రం ఒడ్డు మాత," అంది అవ్వ, "ఆమెకి కొత్తా?"

తర్వాత బోరింగు దగ్గర అందరం కాళ్ళు కడుక్కున్నాం. దుమ్ము పోయింది. రంగు పోలేదు. ఫాదర్ గారు తన గోధుమరంగు కాళ్ళు చూసుకుంటూ ఫోను తీశారు. బస్సుల వాళ్ళకి. "వచ్చే ఏడు వద్దులేండి. నడుస్తున్నాం." అంతే మాట్లాడారు. మాలకొండయ్య కబురు కూడా పంపాడు. వచ్చే ఏడు పిల్ల వెయ్యకముందే రమ్మని, ఆ మూల వల కట్టనని, వేశాక వస్తే మాత్రం తొట్టి తప్పదని.

మళ్ళీ నెల్లూరు

నిన్న ఆరోగ్యమ్మక్క వచ్చి చెప్పింది. ఇంటికి పోయాక అవ్వకి వచ్చిన జ్వరం తగ్గిందంట, గొంతు మాత్రం రాలేదంట. ఫాదర్ పోయి, వచ్చే ఏడు దారి ఎవరు చూపిస్తారు అనడిగితే, ఆమె మిషను తొక్కినట్టు కాలు ఆడించి చూపిందట.

"నిన్నే," అంది ఆరోగ్యమ్మక్క. "అంతమంది కతోలికులుండగా నిన్నే! దీన్ని మా అత్తకి ఎట్ట చెప్పాల?"

మా అమ్మకి నేనెలా చెప్పాలో నాకూ తెలియదు. ఈ ఉదయం ఇంటి నుంచి షాపుకి నడుస్తుంటే అమ్మ కూడా కూరగాయలకని వచ్చింది. పక్కనే నడుస్తూ నడుస్తూ ఆగింది.

"ఏంది, ఏదో గొణుగుతా ఉండావు?"

"ఏం లేదమ్మా."

నా దగ్గర పూసలు లేవు. వేళ్ళ మీదే. నెమ్మదిగా, లాగి లాగి పాడుకుంటే, మా గుమ్మం నుంచి షాపు మెట్టు దాకా రెండు పదులూ నాలుగు పూసలు.